డప్పు చెప్పిన హుకుం

పిట్టలగట్టులో బడిని మూసింది పోలీసు అమీను కాదు, దొర కాదు. సోమన్న మూశాడు. తన గొంతుతో, తన డప్పుతో, నాలుగు బాటలు కలిసే చోట నిలబడి మూశాడు. ఆ మాట అతను చచ్చేదాకా మరిచిపోలేదు. మనమూ మరిచిపోకూడదు, ఎందుకంటే దొరతనం నడిచేదే అలా. కర్ర వాళ్లది, దెబ్బ తినే వీపు మనది, ఆ సంగతి ఊరికి చాటే నోరు కూడా మనదే.

ఆ పొద్దున కురుమ బీరప్ప గొర్ల దొడ్డి ముందు జరిగింది ఊరంతా చూసింది. గొర్లు మేతకు పోయాక పొద్దంతా ఖాళీగా పడి ఉండే దొడ్డి అది. కిష్టయ్య అందులో పెంటికలు ఊడ్చి, ఈతచాపలు పరిచి బడి పెట్టాడు. కిష్టయ్య కాపోళ్ల పిల్లవాడు. పట్నంలో ఉర్దూ చదువు సగం చదివి, తన ఊళ్లో తన భాషలో ఒక్కరికీ ఓనమాలు రావన్న సిగ్గుతో తిరిగివచ్చిన మనిషి. కులం అడగకుండా పలక చేతిలో పెట్టేవాడు. మాదిగవాడ పిల్లలూ కురుమ పిల్లలూ ఒకే చాప మీద కూర్చునేవారు. సాయంత్రం గొర్లు ఇంటికొచ్చే వేళకు చాపలు చుట్టేసేవారు. ఎవరికీ అడ్డం లేని బడి.

అడ్డం దొరకే. పొద్దున పేడ తీయాల్సిన పిల్లలు గడీకి ఆలస్యంగా వస్తున్నారు. మంజూరు లేకుండా బడి నడపరాదని సర్కారు కానూను ఎలాగూ ఉంది. దొర ఒక్క మాట పంపాడు, అమీను జవాన్లను వెంటేసుకుని దిగాడు. పిల్లల పలకలు బూట్ల కింద పెట్టి తొక్కించాడు. కిష్టయ్యను దొడ్డి గుంజకు కట్టేసి, నోట్లోంచి నెత్తురు వచ్చేదాకా కొట్టించాడు. బీరప్ప అడ్డం పోతే ముసలాయన గొంగడి లాగి అవతల పారేశారు. ఊరు చూసింది. నోరు మూసుకుని చూసింది.

"డప్పు కొట్టేటోడు యాడున్నడు?" అన్నాడు అమీను.

సోమన్న అక్కడే ఉన్నాడు. ఇరవై ఏళ్లవాడు. తండ్రి మల్లప్పకు చేతులు వణుకుతున్నాయని డప్పు వెట్టి కొడుకు మీద పడింది. కూలీ లేని పని, కాదనే వీలు లేని పని. సోమన్న వరిగడ్డి మంట వేసి డప్పు కాచాడు. సెగ తగిలితేనే తోలు బిగుస్తుంది, బిగిస్తేనే ఊరికి వినబడుతుంది.

డప్పు మోగితే ఆ ఊళ్లో ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోతారు. కుంపటి మీద కుండ మాడిపోతున్నా సరే, చేతిలో చేద బావిలోకి జారిపోతున్నా సరే. దొర కచ్చడం బండి సైతం ఎద్దుల్ని నిలబెట్టి, చాటింపు అయ్యాకే కదులుతుంది. చెప్పేవాడు మాదిగోడే కానీ చెప్పే మాట సర్కారుది. అందుకే ఆ కాసేపు అతను ఎవరికీ అంటరానివాడు కాడు. చాటింపు ముగిసిన మరుక్షణం మళ్లీ దూరం జరగమంటారు.

"ఇనుండ్రి, ఇనుండ్రి! సర్కారు హుకుం! మంజూరు లేని బడి బందయింది! పిల్లగాండ్లను తోలిచ్చినోళ్లకు జుర్మానా, ఖైదు!"

వీధి వీధికీ తిరిగి, చివరికి తన వాడకు వచ్చాడు. తన ఇంటి ముందర చెల్లెలు ఈదమ్మ నిలబడి ఉంది. దాని చేతిలో పలక సగం ముక్క. సోమన్న దాని మొహం చూడకుండా, ఇంటి కప్పు వైపు చూస్తూ ఆ మాటలన్నీ మళ్లీ అరిచాడు. డప్పు దించాక ఈదమ్మ అంది:

"అన్నా, పంతులును కొట్టినోళ్లెవరో నాకు తెల్వదు. బడి బందన్న గొంతు మాత్రం తెలుసు."

ఆ పూట సోమన్న అన్నం ముట్టలేదు. మల్లప్ప గుమ్మంలో కూర్చుని కొడుకును ఓదార్చాడు. ఓదార్చడం అంటే ఆయనకు తెలిసిన పద్ధతిలోనే. "డప్పు మనది కొడుకా, నోరు సర్కారుది. మా నాయిన గట్లనే కొట్టిండు, నేను గట్లనే కొట్టిన. మన మాటలు అండ్ల కలుపొద్దు. కలిపితే చేతులు ఉండయి."

బడి పోయిన మరునాడే గడీ పనులు చూసే షేక్‌దారు వాడకు వచ్చాడు. బడికి పోయే తీరిక ఉన్న పిల్లలకు గడీకి వచ్చే తీరిక ఉంటుందన్నాడు. ఈదమ్మకు దొర కొట్టంలో పేడ తీసే పని పడింది. అది పొద్దుగూకి తిరిగొస్తే దాని చేతులు పగిలి, గోళ్ల సందుల్లో నెత్తురు చారలుండేవి. అయినా ఏడ్చేది కాదు. అదే సోమన్నకు భయం వేసేది.

ఒకనాడు మాత్రం ఎడమ చెంపంతా గీరుకుపోయి వచ్చింది. ఏమైందని అడిగితే చెప్పలేదు. పక్కింటి జంగమ్మ చెప్పింది. జంగమ్మ గడీలో వడ్లు దంచే మనిషి, మాట కటువు, మనసు మంచిది. "కొట్టం గోడ మీద పెండతోటి అ, ఆ అని రాసుకున్నదిరా నీ చెల్లె. షేక్‌దారుగాడు చూసి, చదువు నాకుతవా అని దాని మొకం గోడకేసి రుద్దిండు. నేను చూసిన. చూసుకుంట వడ్లు దంచిన. నన్ను ఏమనాల్నో నువ్వే అను."

సోమన్న లేచి బీరప్ప దొడ్డికి నడిచాడు.

దొడ్డిలో అప్పటికే మనుషులున్నారు. దెబ్బలు కాస్త మానిన కిష్టయ్య, ఊళ్లో కుర్రకారు కొందరు, ముసలి బీరప్ప. కిష్టయ్య ఆ రోజే తాలూకా కచేరి నుంచి తిరిగొచ్చాడు. బడికి మంజూరు ఇమ్మని తహసీలుదారును అడగడానికి కుర్రకారుతో పోయాడు. ఎండలో నిలబెట్టి నిలబెట్టి, చివరికి తహసీలుదారు ఒక్క మాటతో తోసిపుచ్చాడు.

"బడి కావాల్నని నువ్వంటున్నవు, ఊరు అనుడు లేదు అన్నడు," కిష్టయ్య చెప్పాడు. "మాదిగోళ్లు, కురుమోళ్లు చదువు అడిగినట్టు యాభై ఊళ్లల్ల యాడన్న ఇన్నవా అన్నడు. ఊర్లకూర్లు అడిగితే అప్పుడు చూస్తడట."

"ఊరు యాడ అడుగుతది?" బీరప్ప చుట్ట ఆర్పుతూ అన్నాడు. "ఊరి నోరు మల్లప్ప ఇంట్ల గుంజకు ఏలాడుతాంది. దాన్ని దొర తియ్యమంటే తియ్యాలె, పెట్టమంటే పెట్టాలె."

అందరూ సోమన్న వైపు చూశారు. సోమన్న వెనకాలే వచ్చి దొడ్డి తడిక పట్టుకుని నిలబడ్డ ఈదమ్మ, జంగమ్మ కూడా చూశారు.

"అన్న బందన్నడు, బందయింది," అంది ఈదమ్మ. "తెరిశిండ్రు అంటే తెరుచుకోదా?"

అందరూ ఒకేసారి మాట్లాడారు. కిష్టయ్యే గట్టిగా కాదన్నాడు. "అది దొంగ సాటింపు అయితది. మనం హక్కు అడుగుతున్నం, మోసం జేస్తలేం. రేపు మనలను దొంగలంటరు."

"ఏయ్ పంతులూ, జరాగు!" జంగమ్మ ముందుకొచ్చింది. "నా మొగడు గడీల చాకిరి చేసి చేసి నెత్తురు కక్కి పోయిండు. గా వెట్టికి మంజూరు యాడున్నది? ఏ కాగితం మీద రాసిండ్రు? దొర నోటితోని అన్నడు, డప్పు సాటింది, మేం పోయినం. నోటి మాట మీద మా ఎముకలు అరిగిపాయె. మా పోరగాండ్ల చదువుకు మాత్రం మొహరు గావాల్నా?"

కిష్టయ్య దారి మార్చి, "జనం అడుగుతలేరన్నడు గద తహసీలుదారు. జనాన్ని ఆయన గుమ్మం ముంగటికే తోలుకపోదాం. గాని ఒక్క ఊరు సాటితే ఒక్క సోమన్నను బొందపెడుతరు. చుట్టు ఊర్లన్ని ఒక్కపొద్దు సాటాలె," అన్నాడు.

ఇప్పుడు మిగిలింది సోమన్న ఒక్కడే. వీరుడని చెప్పను, భయపడ్డాడు. తండ్రి మాట చెవిలో మోగుతోంది. చెల్లెలి చెంప కళ్ల ముందుంది.

"సాటుత," అన్నాడు.

చిట్యాల అంగడికి చుట్టుపక్కల డప్పు కొట్టేవాళ్లంతా చెప్పులు, మోకులు అమ్ముకోవడానికి వస్తారు. అందరూ ఒకరికొకరు మేనమామలూ బావమరుదులే. మోదుగుపాడు మారయ్య సోమన్నకు మేనమామ. చెప్పుల కుప్ప వెనక కూర్చుని సోమన్న చెప్పిందంతా విన్నాడు. చెప్పు అడుగు గీకుతూనే అడిగాడు.

"మీ బాపుకు ఎరుకేనారా?"

"లేదు మామా."

"చెప్పకు. ముసలోడు ఆగమైతడు." మారయ్య చెప్పు కింద పెట్టాడు. "ఇన్నేండ్లు మన కొంపలు ముంచే మాటలే సాటినం. ఒక్కసారి మనకు పనికొచ్చేది సాటుదాం పా."

అంగడి మరునాటి పొద్దున ఆ చుట్టు ఊళ్లన్నిటా ఒకేసారి గడ్డిమంటలు లేచాయి. డప్పులు మోగాయి.

"ఇనుండ్రి, ఇనుండ్రి! సర్కారు హుకుం! ఊరూరికి బడి మంజూరయింది! ఏ కులపు పిల్లలన్న కూసోవచ్చు! జీతమున్న పిల్లలను, గడీ పిల్లలను బడియాళ్లకు ఇడిశిపెట్టాలె! అడ్డమొచ్చినోళ్లకు జుర్మానా!"

పిట్టలగట్టు ఆగిపోయి విన్నది. పోలీసు పటేలు తన అరుగు మీద పళ్లు తోముకుంటూ విన్నాడు. తాను చెప్పించలేదు కాబట్టి పట్వారి చెప్పించి ఉంటాడనుకున్నాడు. పట్వారి అవతలి వీధిలో విన్నాడు. పటేలు చెప్పించాడనుకున్నాడు. ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. నీకు తెలిసిన హుకుం నాకు తెలియదని ఒకడి గడప ఎక్కి ఇంకొకడు ఎలా అడుగుతాడు? పరువు పోదూ? మాదిగోడు సొంతంగా డప్పు ముట్టుకుని సొంత మాట చాటుతాడన్న అనుమానం మాత్రం ఇద్దరిలో ఎవరికీ కలలో కూడా రాలేదు. వాళ్ల దృష్టిలో డప్పుకు తోలుంది, కర్ర ఉంది, దాని వెనక మనిషి లేడు. ఆ గుడ్డితనమే ఆ వారం బడిని కాపాడింది.

షేక్‌దారు సైతం గొణుక్కుంటూ పిల్లల్ని వదిలాడు. దొర హైదరాబాదులో ఉన్నాడు. దొడ్డి నిండింది. పశువుల కాపరి పిల్లలు కట్టెలు చేతబట్టుకునే వచ్చి కూర్చున్నారు. పలకలు లేకపోతే ఇసుక పోసుకున్నారు. ఈదమ్మ చిన్న పిల్లల వేళ్లు పట్టుకుని ఇసుకలో దిద్దిస్తుంటే సోమన్న తడిక అవతల నిలబడి చూశాడు. అది తలెత్తి అన్నను చూసి నవ్వింది. బడి మూతపడ్డ నాటి నుంచి అదే మొదటి నవ్వు.

ఇక జనం ఊరుకుంటారా? హుకుం అయిందంటే అయినట్టే. మోదుగుపాడు వాళ్లు, కంచరకుంట వాళ్లు, ఇంకా ఎన్నో వాడల వాళ్లు పిల్లల్ని భుజాన వేసుకుని తాలూకా కచేరికి నడిచారు. కిష్టయ్య, కుర్రకారు ముందు నడిచారు. పిట్టలగట్టు తరఫున జంగమ్మ పోయింది.

"బడి మంజూరైందని సాటిండ్రు గద దొరా, మా ఊరి పంతులేడి?" అని ఒకరు.

"మా పిల్లలు రెండురోజుల సంది కూసోనున్నరు. జాగా సూపెట్టుండ్రి," అని ఇంకొకరు.

తహసీలుదారు బయటికొచ్చి చూస్తే ఆవరణ నిండా జనం. చదువు ఎవరూ అడగరన్నాడు కదా, అడుగుతున్నారు. ఆయనకు ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమై చెమటలు పట్టాయి. హుకుం అబద్ధమని అక్కడే అరిచి చెప్పాడు. జనం నమ్మలేదు. "డప్పు సాటింది దొరా," అన్నారు. "కాదంటే మల్ల డప్పు సాటియ్యి, పోతం."

అలా అమీను మళ్లీ పిట్టలగట్టుకు వచ్చాడు. ఈసారి దొర కూడా వచ్చాడు. చావడి ముందుకు ఊరిని తోలుకొచ్చారు. కిష్టయ్య చేతులకు అప్పటికే బేడీలు.

"ఆ హుకుం అబద్ధమని సాటు," అన్నాడు అమీను సోమన్నతో. "సాటి, తప్పయిందని కాళ్లు మొక్కు. వదిలేస్త."

సోమన్న డప్పు వైపు చూశాడు. సాటితే బతుకుతాడు. బడి మళ్లీ అతని గొంతుతోనే చస్తుంది. జనంలో ఈదమ్మ ఉంది.

"ఒక్కపాలి మూసిన దొరా. రెండోపాలి నా నోరు రాదు."

కొట్టారు. కింద పడేసి కొట్టారు. కుడిచెయ్యి రాతి మీద పెట్టి బూటుతో తొక్కారు. డప్పు కర్ర పట్టే వేళ్లు అవి. ఎముకలు విరిగిన చప్పుడు ముందు వరసలో వాళ్లకు వినబడింది. సోమన్న బదులు చాటడానికి మారయ్యను పిలవబోతే ఇల్లు ఖాళీ. కంచరకుంటలో డప్పు తోలు చినిగిందన్నారు. మరో ఊళ్లో డప్పే లేదన్నారు. ఏ వాడలోనూ ఒక్క చెయ్యి లేవలేదు.

అప్పుడు మల్లప్ప జనంలోంచి వచ్చాడు. వణికే చేతులు జోడించాడు.

"వాడు పోరడు దొరా, తెల్వదు. నేను సాటుత. మా తాతల నాటి సంది మాదే గద."

దొర నవ్వాడు. జంగమ్మ ఉమ్మేసింది. మన్నులో పడి ఉన్న సోమన్నకు వేళ్ల నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది. బాపూ, వద్దు అనబోయాడు.

మల్లప్ప తొందరపడలేదు. గడ్డి తెప్పించాడు. మంట వేశాడు. డప్పును ఇటు తిప్పి, అటు తిప్పి కాచాడు. వేలితో మీటి చూసి, ఇంకొంచెం కాచాడు. డప్పు భుజాన వేసుకునేసరికి ఆయన చేతుల వణుకు ఆగింది. కొట్టాడు. ఆ దెబ్బకు ఊరంతా అలవాటుగా నిశ్శబ్దమైంది. జవాన్లూ ఆగారు, దొరా ఆగాడు.

"ఇనుండ్రి, ఇనుండ్రి! ఇయ్యాల్టి సంది మల్లప్ప నోరు మల్లప్పదే! బడి తెరిశే ఉన్నది! పిల్లగాండ్లను తోలుండ్రి! బడి తెరిశే—"

తుపాకి మడమ ఆయన కణత మీద పడింది. ఒక్క దెబ్బే. మల్లప్ప డప్పు మీదే బోర్లా పడ్డాడు, మళ్లీ లేవలేదు. అమీను మంటను కాలితో తన్ని ఆర్పేశాడు.

"నువ్వు కొట్టు!" అని ఒక జవాను చేతికి ఆ డప్పు ఇచ్చాడు.

జవాను కొట్టాడు. చల్లారిన తోలు, దాని మీద ముసలాయన నెత్తురు. తడిసిన గోనె మీద కొట్టినట్టు చప్పుడైంది. అతను ఏదో అరిచాడు కూడా. వినడానికి అక్కడ ఎవరూ లేరు. ముందు జంగమ్మ తిరిగింది. ఆమె వెనక బీరప్ప. వాళ్ల వెనక ఊరు. ఎవరూ పరుగెత్తలేదు. అంతా నడిచి గొర్ల దొడ్డికి పోయి, పిల్లలతో పాటు పెద్దలు కూడా ఇసుక ముందు కూర్చున్నారు. ఎందరిని కొట్టాలో అమీనుకు అంతుపట్టలేదు.

మల్లప్ప శవాన్ని కాటికి తీసుకుపోయే సాగుబాటుకు సోమన్నను వదల్లేదు. చావడి గుంజకు కట్టేసిన మనిషి దూరం నుంచి డప్పు విన్నాడు. ఆ దెబ్బ మారయ్య మామది. ఎక్కడో దాక్కున్నవాడు, పట్టుబడతానని తెలిసీ బావను సాగనంపడానికి వచ్చాడు. సోమన్న బోరున ఏడ్చాడు. ఏడవడానికి సిగ్గేముంది, తండ్రి పోయాడు.

కచేరి ముందు మంది పెరిగే కొద్దీ తహసీలుదారుకు ఒక సంగతి తెలిసివచ్చింది. హుకుం అబద్ధమని పైకి రాస్తే, మీ తాలూకాలో హుకుములు ఇచ్చేది ఎవరని పైవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న కంటే బడే నయం. పిట్టలగట్టు దొడ్డి బడికి మంజూరు వచ్చింది, పిట్టలగట్టుకు మాత్రమే. మిగతా ఊళ్లకు లేదు. దొంగ చాటింపు కింద సోమన్నకు, కిష్టయ్యకు, పట్టుబడిన మారయ్యకు ఖైదు. ముసలాయన ప్రాణానికి మాత్రం ఎవరికీ ఏ శిక్షా లేదు.

జైలుకు తోలుకుపోయే పొద్దున ఈదమ్మ బాట పక్కకు వచ్చింది. తండ్రి డప్పు దాని భుజానికి వేలాడుతోంది. ఆడపిల్ల డప్పు పట్టడం వాడలో ఎవరూ చూడని సంగతి. అయినా ఆ పొద్దు ఎవరూ కాదనలేదు.

"వేళ్లు ఎట్లున్నయి అన్నా?"

"ఇగ కర్ర పట్టయి, బిడ్డా."

"నేను పడుత," అంది.

బేడీలతో ముగ్గురూ నడిచారు. వెనక తుపాకితో ఒక జవాను. పొద్దెక్కింది. మోదుగుపాడు దగ్గరికి వచ్చేసరికి వాడ వైపు గడ్డిపొగ లేచింది. మంజూరు లేని ఊరు అది. డప్పు మోగింది. మారయ్య చటుక్కున తలెత్తాడు. అది అతని మనుమడి చెయ్యి, ఇంకా పాకం కుదరని దెబ్బ.

జవాను కొత్తగా వచ్చిన తురకాయన, తెలుగు అంతంత మాత్రం. "క్యా బోల్‌తా రే? ఏం జెప్తాంది ఆ డప్పు?" అన్నాడు.

సోమన్న విరిగిన చేతిని ఎడమచేత్తో పట్టుకుని చెవి రిక్కించి విన్నాడు.

"సర్కారు హుకుం సాబ్," అన్నాడు. "ఈ ఊళ్లె గుడ బడి తెరిశిండ్రంట."

జవాను తుపాకి భుజం మార్చుకుని, ఆగి నిలబడ్డాడు. చాటింపు అయ్యేదాకా కదలకూడదని అతనికీ తెలుసు.